ఓడెక్కిన పెద్దకు ఒక తువ్వాలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త వేశారు. దక్షిణాఫ్రికా నుంచి ఒక కుటుంబం తమ ముత్తాత ఊరు వెతుక్కుంటూ మా సోంపేట వైపు వచ్చిందని, రెండు రోజులు తిరిగినా ఊరు తేలక బారువ సముద్రం ఒడ్డున కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయిందని రాశారు. ఫొటోలో ఉన్న పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాయితం ఒకటి కనిపించింది. అదేం కాయితమో నాకు తెలుసు. అలాంటిదే ఒకటి ఆరేళ్ళ క్రితం మా గుమ్మంలోకి వచ్చింది. దాన్ని పట్టుకొచ్చిన వాళ్ళకు మేము కొబ్బరి బొండాలు తాగించి, మీరు వెతికేది మా ఇల్లు కాదని చెప్పి పంపేశాం. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళు మా వాళ్ళే అయి ఉండొచ్చు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదవుతుంది, దయచేసి కత్తిరించకుండా వెయ్యండి.

నేను తెలుగు టీచరుగా 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నా, పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. మా వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ. చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, పిండివంటలు వడ్డించి, ధూపం వేసి, ఒక్కొక్కరి పేరూ చెప్పి మొక్కుతాం. మా నాన్నమ్మ చీరలూ పంచెలూ పెట్టాక చివర్న ఒక తువ్వాలు విడిగా పెట్టేది. దానికి మాత్రం ఏ పేరూ చెప్పేది కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడనుకుంటాను, అది ఎవరికని అడిగాను.

“మీ తాతకి అన్న. ఓడెక్కీసినాడు. మరి రాలేదు” అంది.

“పేరేంటి నాన్నమ్మా?”

“బావగోరి పేరు నాను సెప్పకూడదమ్మా. తప్పు.”

అంతే. భర్త అన్నగారి పేరు నోటితో పలకకూడదనే మర్యాదను ఆవిడ చివరిదాకా పాటించింది. 1975లో పోయింది. మా తాత అంతకుముందే పోయాడు. మా నాన్నకు ఆ పేరు తెలిసే ఉంటుంది, కానీ నేను అడగలేదు. ఓడెక్కాడంటే రంగమే (బర్మాలోని రంగూన్) వెళ్ళి ఉంటాడని ఇంట్లో అందరం అనుకున్నాం. మా ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు రంగూన్ వెళ్ళినవాళ్ళే. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి పడవలెక్కి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మోసే పనికి పోయేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అరకాను మీదుగా కొందరు, మణిపూర్ మీదుగా కొందరు నడిచి వచ్చారు. దారిలోనే పోయినవాళ్ళూ చాలామంది. మా పెదతాత కూడా అలా ఎక్కడో పోయి ఉంటాడని తువ్వాలు పెట్టి ఊరుకునేవాళ్ళం.

2019 డిసెంబరులో జొహానెస్‌బర్గ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఆఫీసులో వాడి పక్క సీటు అతని తల్లికి 70 ఏళ్ళు దాటాయట, డర్బన్‌లో నర్సుగా చేసి రిటైరయిందట. “పిన్నీ, వాళ్ళ ముత్తాతది గంజాం జిల్లా సోంపేట అని కాయితంలో ఉంది, తెలుగువాళ్ళే, ఇండియా వస్తున్నారు, ఒకసారి చూడు” అన్నాడు. వాట్సాప్‌లో కాయితం ఫొటో కూడా పంపాడు.

ఆ కాయితం గురించి కొంచెం చెప్పాలి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైలు పనుల్లో పెట్టడానికి ఇండియా నుంచి డర్బన్ ఉన్న నేటాల్‌కు 1,52,184 మందిని ఐదేళ్ళ ఒప్పందం మీద తీసుకెళ్ళారు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఆ తర్వాత ఏడాదికొక షిల్లింగు పెంపు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మద్రాసు నుంచే ఓడెక్కారు. వాళ్ళలో మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్ళు, ఇటు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వాళ్ళు ఎంతోమంది. 1889లో గంజాంలో కరువొచ్చింది, 1896-97లో మళ్ళీ వచ్చింది. కడుపు కాలినవాడికి మేస్త్రీ చెప్పిన ఊరు ఎంత దూరమో ఎందుకు?

ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పుస్తకంలో రాసుకున్నారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, అక్కడ ఎవరి దగ్గర పనికి పెట్టారు అన్నీ ఉంటాయి. ఆ పుస్తకాలు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. డర్బన్‌లోని యూనివర్సిటీ వాళ్ళ గాంధీ-లుతూలీ కేంద్రం వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అక్కడి మనవలు, మునిమనవలు తమ తాత నంబరు పట్టుకుని, పుస్తకంలో ఆయన వివరాలున్న వరస దొరికించుకుంటున్నారు. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఇలాంటి రికార్డులే ఉన్నాయి, కొందరివి ఫొటోలతో సహా. ఫిజీకి వెళ్ళినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక పాసు రాశారు. మారిషస్‌లో తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగులనేవారు. యానాం పక్కన ఉన్న కోరంగి రేవు నుంచి వెళ్ళారని ఆ పేరు.

మా అక్క కొడుకు పంపిన వరసలో ఉన్నది ఇదీ. పేరు లచ్చియా. తండ్రి డాలియా. వయసు 20. గంజాం. సోంపేట. ఊరు పేరు దగ్గర గుమాస్తా రాత అలికినట్టుంది. చివర్న ‘పుటక’ అని మాత్రం తెలుస్తోంది. గుర్తు: కుడి మోకాలి కింద కాలిన మచ్చ. సంవత్సరం 1901.

లచ్చియా అంటే లచ్చయ్య, డాలియా అంటే దాలయ్య అని నేను వెంటనే పోల్చుకున్నాను. అవి మా వైపు పేర్లే. పుటక అంటే పుట్టుగ. ఉద్దానంలో బెజ్జిపుట్టుగ, బల్లిపుట్టుగ అని పుట్టుగతో ముగిసే ఊళ్ళు చాలా ఉన్నాయి, మా ఊరితో సహా. కాలిన మచ్చ ఏమిటో కూడా తెలిసింది. చిన్నప్పుడు జబ్బు చేస్తే వాత పెట్టేవారు. ఆ మచ్చ మా తరం వాళ్ళలోనూ కొందరికి ఉంది. ఇంత తెలిసినా, ఆవిడా కొడుకూ మా ఊరు వచ్చిన రోజు మేము చెయ్యాల్సిన పని చెయ్యలేకపోయాం.

అప్పటికి మా అన్నయ్య ఉన్నాడు. సోంపేటలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. మా ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ రోజు ఓపిక తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెప్పాను. అన్నయ్య ఆలోచించి, “మా పెదతాత ఒకాయన ఓడెక్కాడు గానీ ఆయన రంగం వెళ్ళాడు. ఆఫ్రికా కాదు. పేరు కూడా నాకు తెలీదు” అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పక్క పుట్టుగకు వెళ్ళి అడగమన్నాం. వెళ్తూ వెళ్తూ ఆవిడ మా పెరట్లోంచి పిడికెడు మట్టి తీసుకుంది, ఏ ఊరిదైనా ఇదే మట్టి కదా అంది.

2021లో అన్నయ్య పోయాడు. ఏడాది సూతకం అయ్యాక వదిన ట్రంకుపెట్టె తీసి నన్ను పిలిచింది. పన్ను రసీదులు, కో-ఆపరేటివ్ సొసైటీ పాసు పుస్తకం, వాటి అడుగున గుడ్డలో చుట్టిన స్టాంపు కాయితం ఒకటి. 1927 నాటిది. అంతా గొలుసుకట్టు రాత. తెలుగు టీచరునై ఉండి కూడా నేను నాలుగు మాటల కన్నా చదవలేకపోయాను. సోంపేటలో ఒక పాత దస్తావేజు లేఖరి ఉన్నారు, 80 దాటిన మనిషి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని గడగడా చదివేశారు. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను.

అది మా తాతా, ఆయన తమ్ముడూ రాసుకున్న పంపకాల కాయితం. ఎకరా ముప్పై సెంట్ల కొబ్బరితోట, కొంత మెట్ట, ఒక ఇల్లు. మొదట ‘దాలయ్య కుమారులు’ అని ఉంది. మధ్యలో ఉన్నది ఇది: “మా జ్యేష్ఠ సోదరుడు లచ్చయ్య దేశాంతరము వెళ్ళి యిప్పటికి పాతిక సంవత్సరములుగా అజ తెలియనందున ఆస్తిని మేమిద్దరమూ పంచుకొన్నాము. సదరు లచ్చయ్య గాని, అతని సంతతి గాని యెప్పుడైనా వచ్చినట్లయితే మా మా భాగములలో నుండి అతని భాగము ఇచ్చుకోగలవారము.”

లేఖరి గారు చదవడం ఆపి నా మొహం చూశారు. నేను ఏడుస్తున్నాను. నాన్నమ్మ పలకని పేరు ఆవిడ పోయిన 47 ఏళ్ళ తర్వాత స్టాంపు కాయితం మీద దొరికింది. అతని సంతతి వస్తే ఇస్తామని మా తాత వేలిముద్ర వేశాడు. ఆ సంతతి వచ్చి మా అరుగు మీద కూర్చుంటే, మీరెవరో మాకు తెలీదని మేము పంపేశాం. రంగం అనే ఒక్క మాట మమ్మల్ని అడ్డదారి పట్టించింది. కాయితంలో రంగం అని లేదు, దేశాంతరం అని మాత్రమే ఉంది.

వెంటనే జొహానెస్‌బర్గ్‌కు ఫోన్ చేశాను. మా వాడు అప్పటికి వేరే ఉద్యోగంలో చేరాడు. పాత స్నేహితుణ్ణి పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆవిడతో ఇప్పుడు నెలకోసారి వీడియోలో మాట్లాడుతున్నాను. నన్ను చెల్లీ అంటుంది. తెలుగులో ఆవిడకు వచ్చినవి ఆ మాట, అమ్మ, పప్పు, ‘రా కూచో’. వీళ్ళే వాళ్ళని రుజువైందా అంటే, లేదు. లచ్చయ్యలు, దాలయ్యలు మా వైపు ఇంటికొకరుంటారు. మా వైపు పెద్ద మనవడికి తాత పేరు పెడతాం కాబట్టి అవే పేర్లు ప్రతి ఇంట్లో తిరుగుతూ ఉంటాయి. వయసు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, ఊరు సగం సరిపోయింది. అంతవరకే చెప్పగలను.

ఈ వెతుకులాటలో నాకు అర్థమైన విషయం ఒకటుంది. వాళ్ళ దగ్గర పేరుంది, ఇంటిపేరు లేదు. మన దగ్గర ఇంటిపేరుంది, పేర్లు లేవు. ఓడ దగ్గర గుమాస్తా మనిషి పేరూ తండ్రి పేరూ రాసుకున్నాడు గానీ ఇంటిపేరు అడగలేదు. అక్కడ పిల్లలు పుట్టాక తాత పేరే ఇంటిపేరైపోయింది. మా డర్బన్ అక్క ఇంటిపేరు లచ్చయ్యే, వాళ్ళు పలికే తీరులో. అక్కడ అప్పలస్వామి, నాయుడు, రెడ్డి లాంటివి ఇంటిపేర్లుగా మారిపోయాయి. ఇక్కడ మనం ఇంటిపేరు, గోత్రం ఠక్కున చెబుతాం, తాత తండ్రి పేరడిగితే తల గోక్కుంటాం. ఈ రెండు సగాలూ కలిస్తే తప్ప ఎవరి వంశవృక్షమూ పూర్తికాదు. కలపడానికి మనవైపు నుంచి జరిగే పని దాదాపు ఏమీ లేదు.

ఇంకో సంగతి నన్ను బాగా కలచివేసింది. డర్బన్ అక్క దగ్గర రెండో వరస కూడా ఉంది. అది వాళ్ళ ముత్తవ్వది. పేరు నీలమ్మ, వయసు 18, విశాఖపట్నం జిల్లా, తండ్రి పేరు, ఎడమ చేతి మీద పచ్చబొట్టు. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని ఒక నిబంధన ఉండేది కాబట్టి ఆడవాళ్ళనూ లెక్కగా రాసుకున్నారు. ఆమెను కూలి కింద లెక్కపెట్టడానికే రాశారు, గౌరవంతో కాదు. అయినా పేరు మిగిలింది. మరి లచ్చయ్యను కన్న తల్లి, దాలయ్య భార్య, నా ముత్తవ్వ పేరేమిటి? పంపకాల కాయితంలో లేదు. పన్ను రసీదుల్లో లేదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఊరు దాటకుండా, ఆ కొబ్బరితోటకు నీళ్ళు మోసి, ముగ్గురు కొడుకులను కని, ఒక కొడుకు కోసం సముద్రం వైపు చూస్తూ పోయిన మనిషి పేరు ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

నేను ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రతి ఏడాదీ ఒక పని చెప్పేదాన్ని. మీ అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు కనుక్కుని రాసుకురండి అని. ఒక ఏడాది 42 మందిలో ఆరుగురే రాసుకొచ్చారు. తాత తండ్రి పేరైతే సగంమంది తెచ్చారు. తర్పణాలు వదిలే ఇళ్ళల్లో మూడు తరాల పేర్లు, తల్లి, నాన్నమ్మ, ముత్తవ్వ పేర్లతో సహా ఏటా ఒకసారైనా నోటితో చెబుతారు. ఆ అలవాటు లేని ఇళ్ళల్లో, అంటే మనలో ఎక్కువమంది ఇళ్ళల్లో, పెద్దవాళ్ళ నోరు తప్ప వేరే పుస్తకం లేదు. రాయలసీమలో, తెలంగాణలో పిచ్చుకుంట్ల వాళ్ళు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, రెడ్ల ఇళ్ళకు వచ్చి గోత్రాలు, తరాలు కథగా చెప్పేవారని అక్కడి టీచర్లు నాతో అన్నారు. ఆ పాటలు విన్నవాళ్ళు ఇప్పటికైనా రికార్డు చేసుకుంటే బాగుంటుంది.

దళితవాడ పిల్లల సంగతి ఇంకా కష్టం. భూమి లేనివాడికి అడంగల్‌లో, అంటే భూమి లెక్కల పుస్తకంలో, పేరుండదు. నా దగ్గర చదువుకుని ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్న ఒక అబ్బాయి తన ముత్తాత పేరు కోసం తిరిగితే, చివరికి మిషన్ చర్చిలో బాప్తిస్మం రిజిస్టరులో దొరికింది. పాత పేరు, కొత్త పేరు రెండూ రాసున్నాయి. వాడు ఆ పేజీ ఫొటో తీసి ఫ్రేము కట్టించుకున్నాడు. వెతకాలనుకునే క్రైస్తవ కుటుంబాలు ముందు చర్చి రిజిస్టర్లు చూడాలి, తర్వాతే మిగతావి.

భూమి ఉన్నవాళ్ళకు దారులు కొంచెం ఎక్కువే గానీ జిల్లాల పేర్ల చిక్కు ఉంది. మా ఊరే తీసుకోండి. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం జిల్లా. ఒరిస్సా ఏర్పడి గంజాం అటు పోయినప్పుడు మా తాలూకా విశాఖపట్నంలో కలిసింది. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. కాబట్టి 1936కు ముందు కాయితం కావాలంటే శ్రీకాకుళం కలెక్టరేటులో కాదు, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లోనో ఒడిశాలోని ఛత్రపూర్‌లోనో అడగాలి. విదేశాల నుంచి వచ్చేవాళ్ళు ‘చికకోల్’ అంటే శ్రీకాకుళమని, ‘బిమ్లిపటం’ అంటే భీమిలి అని, ‘కొకనాడ’ అంటే కాకినాడ అని తెలియక ఎన్నో రోజులు పోగొట్టుకుంటున్నారు. మావి జమీందారీ ఊళ్ళు కాబట్టి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటులో రాసిన ఫెయిర్ అడంగలే చాలామందికి దొరికే మొదటి పట్టా కాయితం. తెలంగాణ వాళ్ళయితే 1954-55 కాస్రా పహాణీ అనే భూమి రికార్డుతో మొదలుపెడతారు. కరణాల ఇళ్ళల్లో ఇంకా పాతవి ఉండేవి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఆఫీసులకు చేరాయి, చాలావాటికి అటకల మీద చెదలు పట్టాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి కట్టలు ఉంటే దయచేసి పారెయ్యకండి.

పారేసిన చోట ఏమవుతుందో నాకు తెలుసు. మా నాన్న ఐదో తరగతి దాకా చదువుకున్న బడికి 2022లో వెళ్ళాను. పాత అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి, మా నాన్న క్లాసులోనే చదివిన పక్క పుట్టుగల పిల్లల తండ్రుల పేర్లు కూడా దొరుకుతాయి, వాళ్ళలో లచ్చయ్యకు వేరే చుట్టాలెవరైనా తేలుతారేమోనని ఆశ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ బడి పైకప్పు ఎగిరిపోయింది. రిజిస్టర్లు తడిశాయి. ఎండబెడితే పనికొచ్చేవే. తర్వాత గది శుభ్రం చేసేటప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశారట. ఎవరూ కావాలని చెయ్యలేదు, అది ఎవరి చరిత్రో వాళ్ళకు తెలీదు. ఆ తుపానుకే మా తాత పంచుకున్న తోటలో చెట్లన్నీ కూలిపోయాయి. చెట్లు మళ్ళీ నాటుకున్నాం. రిజిస్టరును ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకని నేను అడిగేవి రెండు మూడే. పల్లెల్లోని పాత బడుల అడ్మిషన్ రిజిస్టర్లు, కనీసం 1960కి ముందువి, ఫొటోలు తీయించి జిల్లా కేంద్రంలో భద్రపరచమని విద్యాశాఖను కోరుతున్నాను. సెల్‌ఫోనుతో ఒక టీచరు రెండు రోజుల్లో చేసే పని అది. రెండోది, నేటాల్, మారిషస్, ఫిజీ జాబితాల్లో మన జిల్లాల వాళ్ళ వరసలను తెలుగు లిపిలో, ఇప్పటి ఊరి పేర్లతో ఒక పట్టికగా తయారుచేయించాలని రాష్ట్ర ప్రభుత్వానికీ, మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకూ విన్నపం. ఇంగ్లీషు గుమాస్తా ‘డాలియా’ అని రాసింది దాలయ్య అని గుర్తుపట్టగలిగేది మా ఊళ్ళ మనుషులే. ఒక్కో మండలానికి ఒక్కో జాబితా పంపిస్తే, ఊరి రచ్చబండ దగ్గర నలుగురు ముసలివాళ్ళను కూర్చోబెట్టి చదివిస్తే, అలికిపోయిన పేర్లలో సగం తేలిపోతాయి. ఆ నలుగురూ ఉండగానే చెయ్యాలి. మా ఊళ్ళో గత పదేళ్ళలో నాకు తెలిసి ఐదుగురు కిడ్నీ జబ్బుతో పోయారు, వాళ్ళలో ముగ్గురు రంగం కథలు పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు. రంగం వెళ్ళినవాళ్ళకు ఇలాంటి జాబితాలు కూడా లేవు. వాళ్ళు టికెట్టు కొనుక్కుని డెక్కు మీద కూర్చుని వెళ్ళారు, ఎవరూ వాళ్ళ మచ్చలు రాసుకోలేదు. వాళ్ళ చరిత్ర మొత్తం బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ విశాఖపట్నం బర్మా క్యాంపులో, మా పల్లెల అరుగుల మీద, మనుషుల నోళ్ళలోనే ఉంది.

పాఠకులకు ఒక మాట. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి పక్కన కూర్చుని ఫోనులో రికార్డింగు పెట్టండి. ముందు తారీఖులు అడగకండి, విసుక్కుంటారు. ఆవిడ పుట్టిల్లు ఏ ఊరు, ఆవిడ తల్లి పేరు ఏమిటి, ఆ తల్లి పుట్టిల్లు ఏ ఊరు అని అడగండి. ఆవిడ మొగుడి పేరో బావగారి పేరో చెప్పడానికి మొహమాటపడితే, కాయితం మీద పేర్లు రాసి చదివి ఇదేనా అని అడగండి, తల ఊపుతారు. ఈ ఉపాయం నాకు 1966లో తెలిసి ఉంటే నాన్నమ్మ దగ్గర వాడేదాన్ని. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ యాసలోనే రాసుకోండి. ఇంట్లో మాటగా నడిచే ‘రంగం వెళ్ళాడు’, ‘దేశం పోయాడు’ లాంటివి ఖాయమైన సంగతులనుకోకండి. నేను అలా అనుకునే మోసపోయాను.

సంపాదకులకు ఒక విన్నపం. మీ పత్రికలో నెలకోసారి ఒక చిన్న గడి కేటాయించండి. విదేశాల నుంచి తాత వరస పట్టుకుని వెతుకుతున్నవాళ్ళూ, ఇక్కడ తప్పిపోయిన అన్న కోసం తువ్వాలు పెడుతున్నవాళ్ళూ నాలుగు లైన్లు రాసుకునే చోటు ఉండాలి. మీ పత్రిక బారువ నుంచి చిత్తూరు దాకా ప్రతి టీకొట్టు బల్ల మీదా ఉంటుంది. ఆ వరస ఎవరో ఒకరు చదువుతారు. పోయిన నెల ఫొటోలోని పెద్దాయన చేతిలో ఉన్న కాయితం కనీసం దగ్గరి నుంచి తీసి వేసి ఉంటే, మా పుట్టుగల్లో ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారేమో.

మొదటి వరస నాదే వెయ్యండి.

లచ్చయ్య, తండ్రి దాలయ్య. గంజాం జిల్లా, సోంపేట దగ్గర పుట్టుగ అని ముగిసే ఊరు. 1901లో మద్రాసులో నేటాల్ ఓడెక్కేటప్పటికి వయసు 20. కుడి మోకాలి కింద వాత మచ్చ. తల్లి పేరు తెలియదు. ఈ పేరుగల మనిషి మీ ఇంటి నుంచి వెళ్ళాడని పెద్దలు చెప్పగా విన్నవారు, ఆ తల్లి పేరు తెలిసినవారు ఈ పత్రిక ద్వారా తెలియజేయగలరు. డర్బన్ నుంచి అతని మునిమనవరాలు ఈ సంక్రాంతికి వస్తోంది. తువ్వాలు ఆవిడ చేత పెట్టించాలని నా కోరిక.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
విశాఖపట్నం